నీళ్లు చూశాను, ఉప్పు చూడలేదు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

  

మన ఊరి పేరు చెబితే చరిత్ర చదివినవాళ్లకు 1794 నాటి పద్మనాభ యుద్ధం గుర్తొస్తుంది. మనకు మాత్రం కొండ మెట్లు, కార్తీక అమావాస్య దీపాలు, ఈ బడి గంట గుర్తొస్తాయి. అలాంటి చోట నిలబడి మాట్లాడమంటే కాళ్లు వణుకుతున్నాయి. ఎనిమిదో తరగతిలో పద్యం అప్పజెప్పినప్పుడు కూడా ఇలాగే వణికాయి.

"ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేది పావుగంట చెప్పు" అన్నారు నిర్వాహకులు. ముప్పై ఏళ్లుగా నా పని నీటి శుద్ధి. కర్మాగారాల మురికినీటిలో ఏముందో కొలవడం, దాన్ని తీసెయ్యడం. అది వివరంగా చెబితే మీరంతా భోజనాల వైపు చూస్తారు. అందుకని మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. అది గర్భిణుల థైరాయిడ్‌కు సంబంధించినది. నేను డాక్టర్ని కాను. కానీ ఆ సంగతిలో పొరపాటు నాది. మా అమ్మాయిని అడిగి, సరే అన్నాకే చెబుతున్నాను.

మన బడి నుంచే మొదలుపెడతాను. మా సైన్సు మాస్టారు ఒకరోజు ఎవరిదో క్యారియర్ తెరిపించి, చల్లారిన అన్నం మీద టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేశారు. అన్నం నల్లగా, నీలంగా మారిపోయింది. ఆ క్యారియర్ తెచ్చినవాడు ఏడుపు మొహం పెట్టాడు. మాస్టారు తన క్యారియర్ వాడికిచ్చి, "పిండిపదార్థం ఉంటే నీలం వస్తుంది. ఈ అయోడిన్ మన ఒంట్లో కూడా ఉండాలిరా. లేకపోతే గొంతు దగ్గర కాయ కాస్తుంది" అన్నారు.

మేము పకపకా నవ్వాం. ఎందుకంటే సంతలో చింతపండు అమ్మడానికి వచ్చే ఒకావిడకు మెడ ముందు పెద్ద వాపు ఉండేది. మేము చొక్కా కాలర్‌లో తువ్వాలు కుక్కుకుని ఆవిడలా నడిచేవాళ్లం. మాస్టారికి ఆ సంగతి తెలుసు. కొట్టలేదు. "ఆవిడ తిన్నది తప్పు కాదు. ఆవిడకు దొరకనిది ఒకటుంది. అది నవ్వే విషయం కాదు" అని మాత్రం అన్నారు. ఆ మాట వెంటనే మరిచిపోయాను. నలభై ఏళ్ల తరవాత ఒక ఆసుపత్రిలో, కుర్చీలో కూర్చుని ఉండగా గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కిందట మా అమ్మాయి నెల తప్పిందని ఫోను చేసింది. నాకు తెలిసిన విద్య నీళ్లే కదా. మర్నాడే వాళ్ల అపార్ట్‌మెంటుకి వెళ్లి బోరునీళ్లు సీసాలకు పట్టి పరీక్షకిచ్చాను. నైట్రేట్ ఎక్కువగా ఉంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మరుగుదొడ్ల గుంతల నుంచి, పొలాల్లో వేసే ఎరువుల నుంచి అది భూగర్భజలంలోకి దిగుతుంది. కాచితే పోదు. నీళ్లు ఆవిరైపోయి, మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం పెట్టించాను. వంటింట్లో ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీయించి స్టీలువి కొన్నాను. కర్రీ పాయింట్ నుంచి వేడి సాంబారు పాలిథిన్ సంచిలో తేవద్దని అల్లుడికి క్లాసు పీకాను. మంచి తండ్రిని అనిపించుకున్నానని లోపల సంతోషం.

అంతకు ఏడాది ముందు నేనే ఇంకో పని చేశాను. ఫోనులో ఒక సందేశం వచ్చింది: పొట్లం ఉప్పులో రసాయనాలు కలుపుతారు, పూర్వీకుల ఉప్పే మంచిది అని. పొట్లం తిప్పి చూస్తే నిజంగానే పొటాషియం అయోడేట్ అని ఉంది. రసాయనాలతో బతికేవాణ్ని, ఆ పేరు చూసి నాకే జంకు పుట్టింది. మా ఇంట్లో ఉప్పు మార్చేశాను. అమ్మాయికి కూడా సైంధవ లవణం పొట్లాలు పంపాను. వాటి మీద అయోడిన్ మాటే లేదు. మా ఆవిడ "అందరూ వాడమన్న ఉప్పే కదండీ అది" అంది. నేను ఉపన్యాసం ఇచ్చి నోరు మూయించాను.

ఎనిమిదో వారంలో రక్తపరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 11 దాటింది. ఆ దశలో సాధారణంగా 4 లోపు ఉండాలంటారు. డాక్టరమ్మ రెండు ప్రశ్నలడిగారు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా? ఏ ఉప్పు వాడుతున్నారు? రెండో ప్రశ్నకు మా అమ్మాయి "నాన్న పంపిన సైంధవ లవణం, మేడమ్" అంది. నా వైపు తిరిగి నవ్వింది కూడా. పాపం, నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకుంది.

అప్పుడు డాక్టరమ్మ చెప్పిన పాఠం నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. అది తయారుచేసే హార్మోనుకు ముడిసరుకు అయోడిన్. అది చాలకపోతే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి "ఇంకా పని చెయ్యి" అని టీఎస్‌హెచ్ పంపుతుంది. అందుకే టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ వెనకబడిందని అర్థం. ఏళ్ల తరబడి అలా తరిమితే గ్రంథి ఉబ్బుతుంది. సంతలో మేము చూసి నవ్వింది ఆ ఉబ్బునే.

కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచెయ్యదు. సుమారు 12 వారాలకు అయోడిన్ పట్టుకోవడం మొదలుపెడుతుంది. బాగా పని అందుకోవడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. మెదడు కట్టడం మాత్రం అంతకు ముందే మొదలవుతుంది. ఆ పనికి కావలసిన హార్మోను తల్లి నుంచే రావాలి. కాబట్టి తల్లి గ్రంథి మామూలు కన్నా దాదాపు సగం ఎక్కువ పని చెయ్యాలి. ఆ సమయంలోనే మూత్రంలో పోయే అయోడిన్ కూడా పెరుగుతుంది. మామూలు మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలితే, గర్భిణికి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లోటు తీవ్రంగా ఉంటే గర్భం పోవచ్చు, పుట్టిన బిడ్డకు తెలివి, వినికిడి దెబ్బతినవచ్చు.

మా అమ్మాయికి ఇంకో పరీక్షలో యాంటీబాడీలు కనిపించాయి. అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన థైరాయిడ్ మీదే దాడి చేస్తోంది. ఈ రోజుల్లో ఎక్కువమందిలో కారణం ఇదే. నేను డాక్టరమ్మను విడిగా అడిగాను: "నా ఉప్పు వల్లేనా?" ఆవిడ మొహమాటం లేకుండా చెప్పారు: "అది ఎవరూ తేల్చలేరండీ. ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే కావచ్చు. కానీ అవసరమైన రోజుల్లో ఆ ఉప్పు మీ అమ్మాయికి సాయం చెయ్యలేదు."

ఆ రాత్రి నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టాను. అక్కడ నాకు పాత పరిచయస్తుడు ఎదురయ్యాడు. వాడి పేరు థయోసైనేట్. ఉక్కు తయారీకి బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చే గ్యాసును నీళ్లతో చల్లార్చి కడుగుతారు. ఆ నీళ్లలో ఫినాల్, అమ్మోనియా, సైనైడ్‌తో పాటు థయోసైనేట్ ఉంటుంది. దాన్ని సూక్ష్మజీవుల చేత తినిపించి నీళ్లు శుభ్రం చెయ్యడం మా వృత్తిలో భాగం. ఎన్ని వేలసార్లు కొలిచానో లెక్కలేదు. అది మనిషి గొంతులో ఏం చేస్తుందో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు.

థైరాయిడ్ కణానికి అయోడైడ్‌ను లోపలికి లాక్కునే ద్వారం ఒకటి ఉంది. అయోడైడ్ పోలికలో ఉండే వేరే అయాన్లు కూడా ఆ ద్వారం దగ్గర తోసుకుంటాయి. ముఖ్యమైనవి మూడు: నైట్రేట్, థయోసైనేట్, పెర్‌క్లోరేట్. పెర్‌క్లోరేట్ బాణసంచాలో, రాకెట్ ఇంధనంలో వాడేది. ద్వారాన్ని అడ్డుకునే శక్తిలో అది థయోసైనేట్ కన్నా 15 రెట్లు, నైట్రేట్ కన్నా 240 రెట్లు బలమైనది. థయోసైనేట్ పొగాకు పొగ వల్ల కూడా ఒంట్లో చేరుతుంది. మన ఉత్తరాంధ్రలో అమ్మమ్మలు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు, గుర్తుందా? ఇంట్లో గర్భిణి ఉంటే చుట్టా, సిగరెట్టూ గుమ్మం బయట కూడా వద్దు. పాలిచ్చే తల్లి పొగ తాగితే పాలలో అయోడిన్ తగ్గిపోతుంది.

ఇదంతా చదివాక నాకు మా రెసిన్ ట్యాంకులు గుర్తొచ్చాయి. నీళ్లలోని అయాన్లు రెసిన్ మీద చోటు కోసం పోటీపడతాయి. మనకు కావలసిన అయాన్ సమృద్ధిగా ఉంటే పోటీదారుకు చోటు దొరకదు. తక్కువగా ఉంటే వాడే ఆక్రమిస్తాడు. గొంతులోనూ ఇంచుమించు అదే లెక్క. ఆఫ్రికాలోని కాంగోలో కర్రపెండలం ముఖ్య ఆహారంగా తినే ప్రాంతాల్లో దీన్ని స్పష్టంగా చూశారు. సరిగా నానబెట్టని దుంపలోని సైనైడ్ ఒంట్లో థయోసైనేట్‌గా మారుతుంది. అయోడిన్ లోపించిన ఊళ్లలో అది పిల్లల మెదడును కూడా దెబ్బతీసింది. అయోడిన్ చాలినంత అందిన చోట అదే దుంప అంత హాని చెయ్యలేదు. మన సగ్గుబియ్యం ఆ దుంపదే, కానీ తయారీలో కడిగి వేయించడంతో సైనైడ్ చాలావరకు పోతుంది. పాయసం మానక్కర్లేదు.

చూశారా నా తెలివి? నైట్రేట్ అనే పోటీదారును ఆపడానికి వేలు ఖర్చుపెట్టి యంత్రం పెట్టించాను. అసలు కావలసిన అయోడిన్‌ను మాత్రం నా చేతులతోనే వంటింట్లోంచి తీసేశాను.

ప్లాస్టిక్ సంగతి కూడా చెప్పాలి. బిస్‌ఫినాల్, థాలేట్లు, మంటలు అంటుకోకుండా కలిపే కొన్ని రసాయనాలు థైరాయిడ్ హార్మోను పనిలో జోక్యం చేసుకోగలవని ప్రయోగశాలల్లో తేలింది. మనుషుల్లో చేసిన అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. వేడి పదార్థాలు ప్లాస్టిక్‌లో పెట్టకపోవడం తేలికైన జాగ్రత్త, పాటించండి. కానీ దాని గురించి భయపడుతూ ఉప్పునూ మాత్రనూ మరిచిపోతే నాలాగే అవుతుంది.

"సముద్రం పక్కన ఉన్నాం, మనకు అయోడిన్ లోపమేమిటి?" అని చాలామంది అడుగుతారు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్క చూద్దాం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు, 60 మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటాయి. మడిలో ఆ అయోడిన్ అంతా ఉప్పులోనే మిగిలిందనుకున్నా గ్రాముకు రెండు మైక్రోగ్రాములు కూడా రాదు. నిజానికి ఎక్కువ భాగం చేదునీళ్లతో పోతుంది. మన ప్రమాణం ప్రకారం ఇంటికి చేరిన ఉప్పులో గ్రాముకు కనీసం 15 ఉండాలి. కాబట్టి నౌపడ మడిలో పండినా, భూమిలోంచి తవ్వినా, అయోడిన్ కలపని ఉప్పు ఆ పని చెయ్యదు. సముద్రపు చేపలో అయోడిన్ ఉంటుంది. రోజూ చేప తినేవాళ్లు మనలో ఎందరు?

ఈ ఉప్పు కథలో మన ప్రాంతపు మనిషి ఒకరున్నారు. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖపట్నంలో వైద్యం చదివారు. ఆ తరవాత ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు, భారత వైద్య పరిశోధన మండలికి సారథి అయ్యారు. 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఆయన బృందం ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. సుమారు ఐదారేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న భాగాల్లో గొంతువాపు దాదాపు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. తరవాత అక్కడా అయోడిన్ ఉప్పే ఇచ్చారు, అక్కడా తగ్గింది. 1962లో దేశంలో గొంతువాపు నివారణ కార్యక్రమం మొదలవడానికి ఆ ఫలితాలు ఆధారమయ్యాయి. అయోడిన్ కలపని తిండి ఉప్పు అమ్మకం మీద నిషేధాన్ని 2000లో ఒకసారి ఎత్తేశారు, 2006లో మళ్లీ పెట్టారు. ఆ పొట్లం మీద నేను చూసి జంకిన పొటాషియం అయోడేట్ వెనక ఇంత కథ ఉంది. అది మన ప్రాంతపు మనిషి చేసిన పని అని కూడా నాకు తెలియదు.

ఇప్పుడు మీ ఇళ్లలో పనికొచ్చే మాటలు కొన్ని.

ఉప్పు తక్కువే వాడండి, కానీ అయోడిన్ ఉన్నదే వాడండి. డబ్బాకు గట్టి మూత పెట్టండి. పొయ్యి పక్కన పెట్టకండి. తేమకు, వేడికి అయోడిన్ తగ్గిపోతుంది. కల్లుప్పు కడిగి ఎండబెట్టే అలవాటుంటే కలిపిన అయోడిన్ కడుగునీళ్లలోనే పోతుంది. ఆవకాయ పాడవుతుందనే భయం వద్దు, అయోడిన్ ఉప్పుతో పచ్చడి పాడవదు. రోజుకు 5 గ్రాముల ఉప్పు తింటే కనీస ప్రమాణం లెక్కన వచ్చేది 75 మైక్రోగ్రాములే. మిగతాది పాలు, పెరుగు, గుడ్డు, చేపల నుంచి రావాలి. అవేవీ తినని గర్భిణి ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. సొంతంగా అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు మింగడం మాత్రం ప్రమాదం. ఎక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుంది.

చిరుధాన్యాల మీద ఇప్పుడు అందరికీ మోజు. చోడి అంబలి తాగండి, మంచిదే. గంటెల్లో, అంటే సజ్జల్లో, థైరాయిడ్‌ను కొంత అడ్డే పదార్థాలున్నాయని సూడాన్‌లో అదే ముఖ్య ఆహారమైన ప్రాంతాల్లో గమనించారు. మూడు పూటలా అదొక్కటే కాకుండా మార్చి మార్చి తినండి.

నెల తప్పిందని తెలియగానే, మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడే టీఎస్‌హెచ్ పరీక్ష సంగతి అడగండి. ముందు నుంచే థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు గర్భం రాగానే డాక్టరును కలవాలి, మోతాదు పెంచవలసి వస్తుంది. "కడుపుతో ఉన్నప్పుడు మందులెందుకు" అని అత్తలూ అమ్మలూ ఆ మాత్ర మానిపించకండి. అది ఒంట్లో చాలని హార్మోనును భర్తీ చేసేది.

ఇంకొకటి. ఆ మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు కనీసం నాలుగు గంటలు ఆగి వేసుకోవాలి. గర్భిణులకు ఈ మూడూ ఒకేసారి చేతికొస్తాయి, మరిచిపోతామని మూడూ ఒకే గుక్కలో మింగేస్తారు. అప్పుడు ఐరన్, కాల్షియం ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వవు. మా అమ్మాయి కూడా మొదటి రెండు వారాలు అలాగే మింగింది. పొద్దున ఆరింటికి ఫోను చేసి "మాత్ర వేశావా, అమ్మలూ?" అని అడగడం నా డ్యూటీ అయింది. "వేశాను నాన్నా, ఉప్పు కూడా మార్చాను, ఇక పడుకోనీ" అనేది. నెలనెలా పరీక్ష చేయించి మోతాదు సర్దారు. మూడో నెల దాటేసరికి టీఎస్‌హెచ్ అదుపులోకి వచ్చింది. ఆ మధ్యలో నేను గడిపిన రోజులు మీకు చెప్పలేను. మనవరాలు పుట్టినప్పుడు మడమ గుచ్చి రక్తపు చుక్క తీసి పరీక్ష చేశారు. బాగానే ఉందన్నారు. ఇప్పుడు దానికి మూడేళ్లు దాటాయి. ఇదిగో, రెండో వరుసలో కుర్చీ ఎక్కి దూకుతున్నది అదే.

చివరగా సంఘానికి ఒక విన్నపం. అక్టోబరు 21 అయోడిన్ లోప నివారణ దినం. ప్రతి ఏడాది ఆ రోజు మన బడి పిల్లలు ఒక్కొక్కరు ఇంటి నుంచి చెంచాడు ఉప్పు పొట్లం కట్టి తేవాలి. ఉప్పు పరీక్షించే కిట్టులోని ద్రవం ఒక చుక్క వేస్తే అయోడిన్ ఉన్న ఉప్పు నీలంగా మారుతుంది. మా మాస్టారు అన్నంలో చూపించిన నీలమే అది. అప్పుడు అయోడిన్‌తో పిండిని పట్టుకున్నారు, ఇప్పుడు పిండితో అయోడిన్‌ను పట్టుకుంటాం. ఎవరి ఉప్పు నీలం కాలేదో వాళ్ల అమ్మకు పిల్లలే చెబుతారు. కిట్ల ఖర్చు ప్రతి ఏడాదీ నాది.

సంతలో చింతపండు అమ్మిన ఆవిడ పేరు నాకు తెలియదు. క్షమాపణ చెప్పుకోవడానికి ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడకు దొరకనిది నా కూతురింట్లో దొరుకుతున్నా నేనే తీసేశాను. ఇంకెవరూ ఆ పని చెయ్యకూడదనే ఇంతమంది ముందు ఇది చెప్పుకున్నాను.

మాస్టారూ, మీరు చెప్పిన పాఠం నలభై ఏళ్లు ఆలస్యంగా అప్పజెప్పాను. మార్కులు మీ ఇష్టం.